ఆదివారపు బడి

సూరత్ నగరం నుంచి దక్షిణంగా నవ్‌సారీ వైపు సాగే రహదారి మీద ఉద్నా, భేస్తాన్ దాటాక ఉన్ అనే చోటు వస్తుంది. ఆ పేరు వినగానే తెలుగువానికి ఉన్ని గుర్తుకు వస్తుంది. కాని ఆ దారికి ఇరుప్రక్కలా, పాండేసరా మొదలు సచిన్ దాకా పరచుకొన్న పారిశ్రామిక వాడలలో నేసేదీ, అద్దేదీ ఉన్ని కాదు, కృత్రిమ దారం. మన పల్లె సంతలలో చవకగా దొరికే పూలపూల చీరలలో ఎన్నో ఈ నగరంలో పుట్టినవే.

ఆ చీరల వెనుక తెలుగు చేతులు కూడా ఉన్నాయి. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల చేనేత కుటుంబాలు, చేతిమగ్గం అన్నం పెట్టలేని రోజులలో, షోలాపూర్, భివండీ, సూరత్ బాటలు పట్టాయి. ఇంట చేతితో నాడె విసిరినవాడు ఇక్కడ సాంచాల మధ్య నిలబడ్డాడు. తరాలు మారాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడా బడులు నడుపుతున్నదంటే, ఇక్కడికి వలస వచ్చినవారు ఎన్ని నేలల నుంచి వచ్చారో ఊహించుకోవచ్చు.

సాంచాల ఇంట పెరిగిన కుర్రవాడు బడిలో ఏమి నేర్చినా నేర్వకపోయినా, ఇంటి చుట్టూ చాలా నేర్చుకొంటాడు. పేక పోగు తెగితే మగ్గం ఎందుకు ఆగిపోతుందో వానికి తెలుసు. నాడె దారి తప్పిందని చప్పుడు మారడాన్ని బట్టి చెప్పగలడు. ఏ పట్టీ ఎంత బిగిస్తే సరిపోతుందో, ఏ మోటారు వేడెక్కితే కాసేపు ఆపాలో తండ్రి వెనుక నిలబడి చూచి పట్టుకొంటాడు. జకార్డు బిగించిన మగ్గమైతే ఏ పోగు లేవాలో, ఏ పోగు దిగాలో నిర్ణయించే ఆ అమరికను రోజూ చూస్తాడు. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో ఫ్రాన్సు దేశస్థుడు జకార్డు అట్టముక్కలకు బెజ్జాలు వేసి ఈ పద్ధతిని స్థిరపరచగా, ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ ఆ బెజ్జాల అట్టలనే తాను తలపెట్టిన గణనయంత్రానికి అరువు తెచ్చుకొన్నాడు. కంప్యూటరు వంశవృక్షంలో ఒక తాతగారు ఈ కుర్రవాని ఇంటి ప్రక్కనే టకటకలాడుతున్నాడన్నమాట.

అయినా అటువంటి కుర్రవానిని, పెద్దయ్యాక ఏమవుతావు అని అడిగితే, ఇంజనీరును అవుతానని చెప్పడం అరుదు. వానికి తెలివి లేక కాదు, కోరిక లేకా కాదు. ఇంజనీరు అనే మనిషిని వాడు దగ్గరగా చూచి ఉండడు.

మధ్యతరగతి తెలుగు కుటుంబాలలో ఇంజనీరు కావడానికి ప్రతిభ కంటే ముందు ఒక మేనమామ ఉంటాడు. ఏ పరీక్ష ఎప్పుడు వ్రాయాలో, ఏ పుస్తకం కొనాలో, ఏ కళాశాలకు ఏ ర్యాంకు చాలునో ఆయన చెబుతాడు. మేనమామ లేకపోతే పినతండ్రి కొడుకు, ఆయనా లేకపోతే ఎదురింటి అన్నయ్య. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో ఈ సమాచారం అంతా పులిహోరతో పాటు వడ్డన అవుతుంది. అది ఉన్నవారికి అదొక ఆస్తి అన్న స్పృహ ఉండదు. లేనివారికి తమకు ఏమి లేదో కూడా తెలియదు.

ఈ సంగతి సూరత్‌లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1961లో స్థాపితమైన సర్దార్ వల్లభ్‌భాయి ఇంజనీరింగు కళాశాల, నేటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఈ నగరంలోనే, ఉన్ నుంచి సిటీబస్సులో చేరుకోగలిగినంత దూరంలోనే ఉంది. ఇటువంటి జాతీయ సంస్థలలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల విద్యార్థులకు దక్కుతాయి గనుక తెలుగు పిల్లలు కూడా పరీక్ష నెగ్గి అక్కడికి వచ్చి చదువుకొంటారు. ఒకే నగరం, ఒకే భాష, ఒకే ఆదివారం. కాని హాస్టలు గదిలోని తెలుగు కుర్రవాడు సాంచాల వాడలోని తెలుగు కుర్రవానిని కలుసుకొనే సందర్భం ఏదీ దానంతట అది ఏర్పడదు.

ప్రవేశ పరీక్షలో ఒక చిన్న విషయం చాలు ఈ ఎడం ఎంతటిదో చెప్పడానికి. 2021 నుంచి జాతీయ ఇంజనీరింగు ప్రవేశ పరీక్షను తెలుగుతో సహా పదమూడు భాషలలో నిర్వహిస్తున్నారు. ఇది మంచి మార్పే. కాని తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని పరీక్షా కేంద్రాలకే పరిమితం. సూరత్‌లో తెలుగు బడిలో అక్షరాలు దిద్దిన పిల్లవాడు సూరత్‌లో ఆ పరీక్ష తెలుగులో వ్రాయలేడు. ఇటువంటి నియమాలు ఎవరి మీదా పగతో పెట్టినవి కావు. కాని ముందుగా చెప్పే మనిషి లేనివాడు వాటికి తగిలి పడిపోతాడు.

పుట్టుక వల్ల దూరమైన పిల్లలకు ఇంజనీరింగు వృత్తిని పరిచయం చేయడం ఎలాగన్న ప్రశ్నను ఏభై ఏళ్ళ క్రితం గట్టిగా పట్టుకొన్నవారు అమెరికాలోని నల్లజాతి యువకులు. వారు ఎదుర్కొన్న గోడ మన పిల్లలు ఎదుర్కొనే గోడ కంటే ఎత్తైనది, క్రూరమైనది. అయినా వారు వేసిన నిచ్చెన ఎలాంటిదో చూడటం మనకు మేలు చేస్తుంది.

అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో 1949లో లానీ జాన్సన్ అనే నల్లజాతి బాలుడు పుట్టాడు. చేతికి దొరికిన ప్రతి వస్తువునూ విప్పి చూచే అలవాటు వానిది. హైస్కూలు చదివే రోజులలో పాతసామాను నుంచి ఏరిన ముక్కలతో, గాలి ఒత్తిడితో కదిలే ఒక మరమనిషిని తయారుచేసి, దానికి లైనెక్స్ అని పేరు పెట్టాడు. 1968లో అలబామా విశ్వవిద్యాలయంలో జరిగిన విజ్ఞాన ప్రదర్శన పోటీకి దానిని తీసుకొనిపోయాడు. ఆ ప్రాంగణంలోనే అంతకు ఐదేళ్ళ క్రితం, 1963లో, ఇద్దరు నల్లజాతి విద్యార్థుల ప్రవేశాన్ని అడ్డుకొనడానికి ఆ రాష్ట్ర గవర్నరు జార్జి వాలెస్ స్వయంగా వాకిట నిలబడ్డాడు. పోటీకి వచ్చిన నల్లజాతి విద్యార్థి జాన్సన్ ఒక్కడే. ప్రథమ బహుమతి అతనికే వచ్చింది. అయితే, మా దగ్గర చేరి చదువుకో అని ఆ విశ్వవిద్యాలయం వారెవరూ అతనిని పిలవలేదు.

అతడు టస్కీగీలో చదివాడు. తరువాత అమెరికా అంతరిక్ష సంస్థలో గురుగ్రహానికి పంపిన గెలీలియో నౌక కోసం పనిచేశాడు. లోకానికి మాత్రం అతడు సూపర్ సోకర్ అనే నీళ్ళ తుపాకీని కనిపెట్టినవాడుగా ఎక్కువగా తెలుసు. ఆ బొమ్మ 1990ల ఆరంభంలో అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. ఇప్పుడు అట్లాంటాలో ఆయన స్థాపించిన కేంద్రంలో పాఠశాల పిల్లలు జట్లుగా చేరి మరమనుషులను తయారుచేస్తుంటారు.

ఇటువంటి కథను మనం విజయగాథ అంటాం. దానిలోని మరొక లెక్కను పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని నల్లజాతి విద్యార్థులు గమనించారు. 1960ల చివర అక్కడ ఇంజనీరింగులో చేరిన నల్లజాతి విద్యార్థులలో నూటికి ఎనభైమంది మొదటి సంవత్సరంలోనే చదువు వదలిపోయేవారు. వారంతా బడిలో మంచి మార్కులు తెచ్చుకొని వచ్చినవారే. పాఠం అర్థం కానప్పుడు ప్రక్కవాడిని అడగడానికి ప్రక్కన తనవాడు లేడు. తప్పు తనదేననుకొని ఎవరికి వారు మూట సర్దుకొన్నారు.

1971లో ఎడ్వర్డ్ బార్నెట్, ఫ్రెడ్ కూలీ అనే ఇద్దరు విద్యార్థులు కాలేజీ పెద్దలను కలిసి ఒక సంఘం పెట్టుకోవడానికి అనుమతి అడిగారు. అధ్యాపకుడు ఆర్థర్ బాండ్ వారికి అండగా నిలిచాడు. సంఘం పని చాలా సాదాది. కలిసి కూర్చుని లెక్కలు చేయడం, పై తరగతివాడు క్రింది తరగతివానికి చెప్పడం, చుట్టుప్రక్కల బడులకు పోయి చిన్నపిల్లలతో మాట్లాడటం. షికాగో నుంచి వచ్చిన ఆరుగురు విద్యార్థులు దానిని దేశమంతటికీ విస్తరింపజేయాలని తలచారు. 1975 ఏప్రిల్‌లో జరిగిన సమావేశానికి 32 కళాశాలల నుంచి 48 మంది వచ్చారు. నల్లజాతి ఇంజనీర్ల జాతీయ సంఘం అలా పుట్టింది. నేడు దానికి వేల సంఖ్యలో సభ్యులున్నారు. సంఘాన్ని నడిపే బాధ్యత నేటికీ చాలావరకు విద్యార్థులదే. 2007 నుంచి ఆ సంఘం చిన్న తరగతుల పిల్లలకు వేసవిలో మూడు వారాల శిబిరాలు కూడా పెడుతున్నది. వాటిలో గురువులు ఇంజనీరింగు చదివే విద్యార్థులే.

దాదాపు అదే కాలంలో డెట్రాయిట్‌లో మరొక ప్రయత్నం మొదలయింది. మోటారు కార్ల కర్మాగారాలకు పేరుపొందిన ఆ నగరంలో కార్లను బిగించే చేతులలో నల్లవారివి లెక్కలేనన్ని. ఆ కార్ల నమూనాలు గీసే చేతులలో వారివి చాలా తక్కువ. 1976లో అక్కడ ఆరంభమైన కార్యక్రమం శనివారాలలో బడిపిల్లలను విశ్వవిద్యాలయ ప్రాంగణాలకు పిలిచి, లెక్కలు, విజ్ఞానం, యంత్రాల సంగతులు చేతులతో చేయించి నేర్పింది. ఇప్పటికీ అది నడుస్తున్నది.

వారానికి రెండు మూడు గంటలు ఎన్ని పాఠాలు చెబితే మాత్రం ఏమవుతుందని అనిపించవచ్చు. నిజమే, అయిదు రోజుల బడి చేయలేని పని ఒక శనివారం చేయలేదు. అయితే శనివారం చేసే పని వేరు. ఐస్‌క్రీం పుల్లలతో కట్టిన వంతెన మీద బరువులు పెడుతూ పోతే అది ఎక్కడో ఒకచోట విరుగుతుంది. విరిగినప్పుడు బడిలో అయితే మార్కులు పోతాయి. ఇక్కడ, ఏ పుల్ల ముందుగా విరిగింది, ఎందుకు, అని ప్రక్కన కూర్చున్న ఇరవై ఏళ్ళ అన్నయ్య అడుగుతాడు. ఆ అన్నయ్య తన వాడకట్టు నుంచి వచ్చినవాడే, తనలా మాట్లాడేవాడే. తిరిగి ఇంటికి పోయేటప్పుడు పిల్లవాని మనసులో మిగిలేది వంతెన సూత్రం కాకపోవచ్చు. విరగడం తప్పు కాదన్న ధైర్యం, ఆ అన్నయ్య కూర్చున్న చోట తానూ కూర్చోవచ్చునన్న నమ్మకం మిగులుతాయి. తల్లిదండ్రులకూ కాలేజీ గేటు దాటి లోపలికి రావచ్చునని తెలుస్తుంది.

మళ్ళీ మన మగ్గం దగ్గరకు వద్దాం. సూరత్‌కు వలసలు వెళ్ళిన నల్లగొండ ప్రాంతంలోనే ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరు ఉంది. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. అక్కడి నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఆరవ తరగతితో బడి మానేశాడు. తల్లి లక్ష్మి ఆసు పోసేది. ఇక్కత్ చీరకు రంగులు అద్దే ముందు, అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల చుట్టూ దారాన్ని ఒక క్రమంలో త్రిప్పడమే ఆసు పోయడం. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. ఆమె భుజం, మోచేయి నొప్పులతో విలవిలలాడేవి. ఈ పనిని యంత్రంతో చేయించలేమా అని మల్లేశం 1992లో మొదలుపెట్టాడు.

చేతిలో డబ్బు లేదు, చేసిన అప్పు పెరిగింది, ఊరు నవ్వింది. హైదరాబాదు చేరి విద్యుత్ పనులు చేస్తూ, కూలి డబ్బులతో ఒక్కొక్క భాగమే కూర్చుకొన్నాడు. చివరి చిక్కు మాత్రం విడలేదు. ఒకనాడు బాలానగర్‌లో పనికి పోయినచోట ఒక యంత్రం కదలికను చూచి, తనకు కావలసిన కదలిక అదేనని గుర్తుపట్టాడు. 1999లో ఆసు యంత్రం పనిచేసింది. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. వేలసార్లు ఆడవలసిన చేతికి విశ్రాంతి దొరికింది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

మల్లేశం కథ చదివినవారు ఆయన పట్టుదలకు చేతులెత్తి మొక్కుతారు. మొక్కవలసిందే. అయితే ఆ ఏడేళ్ళను మరొక విధంగా కూడా లెక్కించవలసి ఉంది. యంత్రాలు తెలిసిన ఒక మనిషి వారానికి ఒకనాడు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, నీకు కావలసిన కదలికకు ఫలానా భాగం అమర్చాలి అని కాగితం మీద గీసి చూపించి ఉంటే ఏడేళ్ళు ఎన్ని అయ్యేవి? బాలానగర్‌లో ఆ రోజు ఆ పని దొరకకపోయి ఉంటే? అన్నిటికంటే ముఖ్యంగా, ఇటువంటి ఆలోచనే వచ్చి, రెండవ ఏడో మూడవ ఏడో అప్పులకు బెదిరి, ఊరి నవ్వుకు సిగ్గుపడి, సామానంతా అటక మీద పడవేసినవారు ఎందరు? వారికి పద్మశ్రీలు లేవు, పేర్లు లేవు. పర్డ్యూలో మూట సర్దుకొన్న నూటికి ఎనభైమంది వంటివారు వారు. ఒక లానీ జాన్సన్, ఒక మల్లేశం గెలిచారు గనుక దారి ఉన్నదని చెప్పడం సులభం. గోడ దూకగలవాడు దూకాడు. దూకలేనివారి కోసం తలుపు పెట్టడమే శనివారపు బడులు తలపెట్టిన పని.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. తెలుగునాట ఇంజనీరింగు కాలేజీలకు కొదవ లేదు, పట్టా చేతబట్టుకొని ఉద్యోగం లేక తిరిగేవారికీ కొదవ లేదు, ఇంకా పిల్లలను అటే తోలడమెందుకు అన్నది మొదటిది. మాటలో నిజముంది. కాని పట్టా కోసం అప్పుచేసి చేరిన కుర్రవాడు వేరు, యంత్రం గుండెచప్పుడు పుట్టినప్పటి నుంచి వింటూ, ఆ చప్పుడుకు శాస్త్రమున్నదని తెలియక ఆగిపోయినవాడు వేరు. రెండవవానికి డిగ్రీయే దక్కనక్కరలేదు. పాలిటెక్నిక్ డిప్లొమా కావచ్చు, పారిశ్రామిక శిక్షణ సంస్థలో రెండేళ్ళ చదువు కావచ్చు. సాంచా నడిపే పనికీ, సాంచాను బాగుచేసే పనికీ, సాంచాను రూపొందించే పనికీ మధ్య మెట్లున్నాయని తెలిస్తే ఎక్కడి దాకా ఎక్కాలో వాడు నిర్ణయించుకొంటాడు.

రెండవ అభ్యంతరం ఇంకా బలమైనది. స్వచ్ఛందంగా వచ్చేవారు నాలుగు వారాలు ఉత్సాహంగా వస్తారు, ఫోటోలు తీసుకొంటారు, అయిదవ వారం కనిపించరు. ఎదురుచూచిన పిల్లవాడు, మనవంటివారికి ఇంతేనన్న పాత పాఠాన్నే మరొకసారి నేర్చుకొంటాడు. అటువంటి బడి పెట్టడం కంటే పెట్టకపోవడమే నయం. నల్లజాతి విద్యార్థులు దీనికి కనుగొన్న ఉపాయం దయాగుణం మీద ఆధారపడలేదు. మొన్న శనివారం బెంచీ మీద కూర్చున్నవాడు నాలుగేళ్ళకు అదే బెంచీ ముందు నిలబడి చెప్పాలి. పుచ్చుకొన్నవాడు ఇచ్చేవాడుగా మారడమే అక్కడి ఆచారం. అందుకే పెట్టినవారి ఉత్సాహం తగ్గినా అవి ఆగలేదు.

ఈ పద్ధతి మనకు పరాయిదేమీ కాదు. నేత ఇళ్ళలో పెద్దవాడు పడుగు సర్దుతుంటే చిన్నవాడు కండెలు చుట్టేవాడు. కండెలు చుట్టినవాడు పెద్దవాడై మగ్గం ఎక్కగానే కండెలు మరొకని చేతికి పోయేవి. ఎవరూ బడి అనలేదు గాని, విద్య తరతరాలుగా అలాగే అందింది. మగ్గం తెలిసినవాడు ఇంట్లోనే ఉండేవాడు కాబట్టి అది సాగింది. ఇంజనీరింగు తెలిసినవాడు ఇంట్లో లేడు. వాడు ఊరి అవతల హాస్టలులో ఉన్నాడు.

ఉన్ దారిలో అటువంటి ఆదివారపు బడికి పెద్ద ఖర్చు కాదు. ఒక గది, పాడైపోయిన ఒక మోటారు, నాలుగు స్క్రూడ్రైవర్లు, విద్యుత్తు కొలిచే ఒక మీటరు, నల్లబల్ల. సామానుకు ఆ ప్రాంతంలో కరువే లేదు. రావలసినది నగరం అవతలి నుంచి ఒక తెలుగు విద్యార్థి, చేతిలో టిక్కెట్టు, రెండు గంటల సమయం. అతడు వచ్చి, ఈ మోటారు ఎందుకు వేడెక్కుతున్నదో మీలో ఎవరికి తెలుసు అని తెలుగులో అడిగితే చేతులు లేస్తాయి. సాంచాల ఇంటి పిల్లలకు జవాబు సగం ముందే తెలుసు. ఆ వచ్చినవాడు మిగిలిన సగం చెప్పాలి, మళ్ళీ వచ్చే ఆదివారం కూడా రావాలి.